బయాలజీ కావాలంటుంది, డాన్స్ వదలనంటుంది. ఏ యూనివర్సిటీలు చూడాలి?

గజ్జెలసంచి:

నమస్కారమండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. అమ్మాయి లెవెన్త్ గ్రేడ్. ఆరో ఏట కూచిపూడిలో చేర్చాం, పోయిన వేసవిలో రంగప్రవేశం అయింది. ఎనిమిదో ఏట బాలే మొదలుపెట్టింది, మిడిల్ స్కూల్లో మోడర్న్ కూడా తోడైంది. ఇప్పుడు వారానికి 14 గంటలు స్టూడియోలోనే గడుస్తాయి. హోంవర్క్ కార్లో, భోజనం కార్లో. వెనక సీటు చూస్తే ఒక పక్క ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ పుస్తకం, ఇంకో పక్క ఆరబెట్టిన పాయింట్ షూస్ (బాలేలో కాలి వేళ్ళ కొనల మీద లేవడానికి వేసుకునేవి), కింద గజ్జెల సంచి. బ్రేక్ వేసినప్పుడల్లా ఘల్లుమంటుంది.

చదువు బాగానే ఉంది. జీపీఏ 3.9, కాలేజీ ప్రవేశాలకి రాసే శాట్ పరీక్షలో 1510 వచ్చింది. న్యూరోసైన్స్ గానీ బయాలజీ గానీ చదవాలని ఉంది. మెడిసిన్ మాట కూడా అప్పుడప్పుడు వస్తుంది, కానీ గట్టిగా అనుకోలేదు. డాన్స్ మాత్రం ఆపనంటోంది.

మావారిదేమో ఒకటే మాట. "మంచి యూనివర్సిటీకి వెళ్ళు, అక్కడ ఏదో ఒక డాన్స్ క్లబ్ ఉంటుంది, చేరితే సరిపోతుంది. దానికోసం కాలేజీ ఎంచుకోవడమేమిటి?" అని. మొన్న భోజనాల దగ్గర ఇదే మళ్ళీ వచ్చింది. అమ్మాయి గొడవేమీ పడలేదు. "క్లబ్బులో నాకు నేర్పేవాళ్ళు ఉండరు నాన్నా, నేనే నేర్పాల్సి వస్తుంది" అని కంచం తీసుకుని లేచింది. ఆయన ఆ తర్వాత పెరుగన్నం కలుపుతూ ఏం మాట్లాడలేదు.

నేను రాసుకున్న పేర్లు ఇవి: న్యూయార్క్‌లో బార్నార్డ్, ఫోర్డమ్-ఐలీ (ఫోర్డమ్ యూనివర్సిటీ, ఐలీ డాన్స్ స్కూల్ కలిసి నడిపేది), లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీ కాఫ్‌మన్ డాన్స్ స్కూల్, మిషిగన్, మా టెక్సస్‌లోని యూటీ ఆస్టిన్. బీఏకి, బీఎఫ్‌ఏకి (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) తేడా ఏమిటో చదివాను గానీ ఇంట్లో నిలబెట్టి చెప్పేంతగా తెలీదు. ఆడిషన్ బాగా చేస్తే మార్కులు కొంచెం తక్కువైనా చూసీచూడనట్టు వదిలేస్తారా? కూచిపూడికి అక్కడ ఏమైనా విలువ ఉంటుందా? ఏడాదికి 45 వేల డాలర్ల దాకా పెట్టగలం, అంతకు మించితే అప్పే. ఈ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎక్సెల్‌నాన్న:

మేడమ్, డాన్స్ గురించి నాకు తెలిసింది సున్నా. మా అబ్బాయిది వయొలిన్. కానీ డబ్బు లెక్క ఎవరికైనా ఒకటే కాబట్టి రాస్తున్నా.

మీ లిస్టులో ప్రైవేటువన్నీ తిండి, గదితో కలిపి ఏడాదికి 90 వేల చుట్టుపక్కల తిరుగుతాయి. బార్నార్డ్ అయినా, ఐవీలైనా (ప్రిన్స్‌టన్, కొలంబియా లాంటి పేరున్నవి) మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇచ్చేది కుటుంబ ఆదాయం చూసి మాత్రమే. మిషిగన్ పబ్లిక్ కదా అనుకోకండి, బయటి రాష్ట్రం వాళ్ళకి ప్రైవేటుకి దగ్గర దగ్గరగానే పడుతుంది. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాల్క్యులేటర్ ఉంటుంది, సాయం పోను మీ జేబులోంచి ఎంత పడుతుందో అంచనా చెబుతుంది. ఈ వీకెండ్ డబ్ల్యూ-2లు (జీతం కాగితాలు), టాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని మీవారితోనే కొట్టించండి. డాన్స్ గురించి వాదించడానికంటే ముందు ఆ అంకె ఇద్దరూ చూడాలి.

యూటీ ఒక్కటే మీ 45లో హాయిగా సరిపోయేది. అయితే ఒక మెలిక ఉంది. టెక్సస్‌లో క్లాస్ టాప్ 5 శాతంలో ఉంటే వచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గానీ మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) కాదు. అక్కడి డాన్స్ బీఎఫ్‌ఏకి ఆడిషన్ వేరే.

ఎర్లీ డెసిషన్ జోలికి తొందరపడి వెళ్ళకండి. సీటొస్తే చేరతామని మీరు, అమ్మాయి, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టేది అది. మిగతా చోట్ల ఎంత ఇచ్చేవాళ్ళో పోల్చుకునే అవకాశం ఉండదు.

ముందువరుస:

మీ అమ్మాయి కంచం తీసుకుని లేచిన దగ్గర నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే జరిగింది, కాకపోతే మా ఇంట్లో క్లబ్ చాలదా అన్నది నేను. మా పాప ఈ మేలో గ్రాడ్యుయేట్ అవుతుంది. ఎక్కడో పేరు చెప్పను. చిన్న డిపార్ట్‌మెంట్, ఇట్టే తెలిసిపోతుంది.

ముందు మీ డిగ్రీల సంగతి. బీఎఫ్‌ఏలో దాదాపు మూడింట రెండొంతుల క్రెడిట్లు డాన్స్‌కే పోతాయి. బీఏలో మూడో వంతు, మహా అయితే ఇంకొంచెం. మిగిలినదాంట్లో మీ బయాలజీ, దాని ల్యాబులు, కాలేజీ అందరికీ పెట్టే కోర్సులు అన్నీ పట్టాలి. బీఎఫ్‌ఏ చేస్తూ సైన్స్ చదివే పిల్లలు లేకపోలేదు, మిషిగన్ లాంటి చోట రెండు డిగ్రీలు కలిపి చేసే ఏర్పాటు కూడా ఉంది. కానీ అలాంటి పిల్లల క్యాలెండర్ ఒకసారి చూశాక నాకు మాట పడిపోయింది.

ఫోర్డమ్-ఐలీ, కాఫ్‌మన్ రెండూ బీఎఫ్‌ఏలే. ఐలీ వాళ్ళది 1998 నుంచి నడుస్తోంది, కాఫ్‌మన్‌లో మొదటి బ్యాచ్ చేరింది 2015లో. ఈ రెండింటికీ ఆడిషన్ ఉంటుంది, చదువు వైపు అప్లికేషన్ విడిగా చూస్తారు. మీరడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఒక తలుపు తెరుచుకుంటే రెండోది దానంతటది తెరుచుకోదు. డాన్స్ వాళ్ళు ఎగిరి గంతేసి కావాలన్న పిల్లని అడ్మిషన్స్ వాళ్ళు వద్దనడం నేను దగ్గరగా చూశాను. పాప స్నేహితురాలే.

బార్నార్డ్ వేరే రకం. ఆడపిల్లల కాలేజీ, బ్రాడ్‌వే దాటితే కొలంబియా. 1932 నుంచి డాన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, కొలంబియా పిల్లలు డాన్స్ మేజర్ చేయాలన్నా ఇక్కడికే రావాలి. ఇచ్చేది బీఏ. సీటుకి ఆడిషన్ లేదు, చేరాక ప్రదర్శనల్లో వేషానికి ఉంటుంది. మీరు చెప్పినదాన్నిబట్టి మీ అమ్మాయికి స్వభావరీత్యా సరిపోయేది ఇదేమో అనిపిస్తోంది. అయితే పైన ఆయన చెప్పిన అంకె చూశాకే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ర్యాంకులు చూడకండి, టైంటేబుల్ అడగండి.

మేం చూడలేదు. పేరు చూశాం. వెబ్‌సైట్‌లో డాన్స్ మేజర్ అని ఉంది, గాల్లో ఎగురుతున్న ఫొటోలున్నాయి, చాలనుకున్నాం. మొదటి సెమిస్టర్‌లోనే కెమిస్ట్రీ ల్యాబ్ మంగళ, గురువారాలు ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడింది. అడ్వాన్స్‌డ్ బాలే అవే రోజుల్లో రెండున్నరకి. ఉన్నది ఒక్కటే సెక్షన్. అడ్వైజర్ని అడిగితే, "చాలామందికి ఇదే ఇబ్బంది, ఏదో ఒకటి వదులుకుంటారు" అని చాలా మర్యాదగా చెప్పింది. పాప సాయంత్రం పూట ఉండే బిగినర్ క్లాస్‌లో చేరింది. మాకు చెప్పలేదు. ఫోన్‌లో "డాన్స్ ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందమ్మా" అనేది.

నాకెలా తెలిసిందంటే, షూస్ వల్ల. హైస్కూల్లో ఉన్నప్పుడు పాయింట్ షూస్ జత మూడు వారాలకి మెత్తబడిపోయేది. జత వంద డాలర్ల పైనే. నేను సణుక్కుంటూ కొనేదాన్ని, రిబ్బన్లు కుట్టేదాన్ని. డిసెంబర్ సెలవులకి వచ్చినప్పుడు బట్టలు ఉతుకుదామని సంచి గుమ్మరిస్తే ఆగస్టులో నేను కుట్టిచ్చిన జతే పడింది. ముందు భాగంలో సాటిన్ అలాగే నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే గట్టిగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నా, ముందు నాకు సంతోషమే వేసింది, ఖర్చు తగ్గిందని. ఒక నిమిషం ఆగితే గానీ బుర్రకెక్కలేదు. నాలుగు నెలలుగా పిల్ల కాలి వేళ్ళ మీద లేవలేదు.

తర్వాత సర్దుకుంది లెండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ వేసవిలో చేసింది, మాకు ఇంకో ఐదారు వేలు వదిలాయి. కానీ ఇదంతా ఒక్క ఈమెయిల్‌తో ముందే తెలిసేది.

కాబట్టి మీ లిస్టులో ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ రాయండి. టెక్నిక్ క్లాసులు ఎన్ని లెవెల్స్, వారానికి ఎన్నిసార్లు, ఏ గంటకి? ప్రతి సెమిస్టర్‌లోనూ ఉంటాయా? మొదటి ఏడాది పిల్లలకి స్టేజి ఎక్కే అవకాశం ఉందా, లేక సీనియర్ల వెనక తెర పట్టుకోవడమేనా? సైన్స్ చదువుతున్న డాన్స్ విద్యార్థి ఒకరితో మాట్లాడిస్తారా? ఈ చివరి ప్రశ్నకి వెంటనే పేరు తట్టే డిపార్ట్‌మెంట్ మీకు పనికొస్తుంది. "కనుక్కుని చెబుతాం" అన్నారంటే అలాంటి పిల్లలు లేరనే లెక్క.

దూరం కూడా చూడండి, ఎవరూ చెప్పరు ఇది. మిషిగన్‌లో డాన్స్ బిల్డింగ్ 2021లో కొత్తగా కట్టారు, చాలా బాగుంటుంది, కానీ అది నార్త్ క్యాంపస్‌లో ఉంది. సైన్స్ క్లాసులు సెంట్రల్ క్యాంపస్‌లో. మధ్యలో బస్సు. ఫోర్డమ్‌లో ఐలీ పిల్లలుండేది మాన్‌హట్టన్‌లో, లింకన్ సెంటర్ దగ్గర. ఆ యూనివర్సిటీ పెద్ద క్యాంపస్ బ్రాంక్స్‌లో ఉంది. మీ అమ్మాయికి కావలసిన ల్యాబ్ ఏ క్యాంపస్‌లో జరుగుతుందో ముందే అడగండి. మంచులో, తడి జుట్టు ముడితో, టైట్స్ మీద జీన్స్ లాక్కుని బస్సు కోసం నిలబడటం అమ్మాయి ఇష్టపడొచ్చు, కానీ తెలిసి ఇష్టపడాలి.

కూచిపూడి సంగతి. బాలే ఆడిషన్‌లో దానికి ఎవరూ మార్కులేయరు, ఉన్నమాట చెప్పాలి. పైగా మన పిల్లలకి అరమండిలో బరువు కిందికి దించడం అలవాటు, అక్కడేమో పైకి లాగమంటారు. ఇన్నేళ్ళుగా రెండూ చేస్తోంది కాబట్టి మీ అమ్మాయికి అది పట్టుబడే ఉంటుంది. దానికి నిజంగా చోటుండే జాగా ఒకటి మీ లిస్టులో లేదు: కనెటికట్‌లోని వెస్లియన్. చదువులో గట్టిది, చిన్నది. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి గారు 1962లోనే అక్కడ పాఠం చెప్పారు. ఇప్పటికీ ఏటా నవరాత్రి ఉత్సవం చేస్తారు, డాన్స్ డిపార్ట్‌మెంట్‌లో భరతనాట్యం నుంచి వచ్చిన ప్రొఫెసర్ హరికృష్ణన్ ఉన్నారు. కూచిపూడి కాదు, నిజమే. కానీ అభినయం అంటే ఏమిటో అక్కడ వివరించి చెప్పుకోనక్కర్లేదు.

ప్రిన్స్‌టన్ లాంటివి ఎవరైనా చెబితే ఒకటి గుర్తుంచుకోండి. 2017లో తెరిచిన ఆర్ట్స్ కాంప్లెక్స్, మంచి స్టూడియోలు అన్నీ ఉన్నాయి, కానీ డాన్స్‌లో మేజర్ లేదు, మైనరే (పక్కన చేసే చిన్న కోర్సు). మీ అమ్మాయికి అది చాలొచ్చు కూడా. అక్కడ అప్లికేషన్‌తో పాటు డాన్స్ వీడియో పంపుకోవచ్చు, రంగప్రవేశం వీడియోలోంచి మంచి ముక్క ఒకటి అక్కడ పనికొస్తుంది.

మీవారికి చెప్పడానికి ఒక మాట. ఈ దేశంలో డాన్స్‌కి మొదటి డిగ్రీ పెట్టింది విస్కాన్సిన్ మాడిసన్‌లో, 1926లో. దాన్ని మొదలుపెట్టిన మార్గరెట్ హ్డూబ్లర్ కాలేజీలో చదివింది బయాలజీ.

పొద్దున్నే_ప్లియే:

హాయ్ ఆంటీ, నేను సోఫమోర్‌ని (కాలేజీ సెకండ్ ఇయర్), డాన్స్ బీఏ ప్లస్ సైకాలజీ. నా తెలుగు కొంచెం అటూ ఇటూ ఉంటే ఏమనుకోకండి, అమ్మ పక్కనే కూర్చుని దిద్దుతోంది.

పై ఆంటీ చెప్పిన టైంటేబుల్ పాయింట్ హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. కానీ లెవెల్ గురించి నాకు వేరే ఒపీనియన్. నేను హైస్కూల్ అంతా బాలే తప్ప ఇంకేం తెలీకుండా పెరిగాను. ఇక్కడికొచ్చాక ఫస్ట్ సెమ్‌లో కావాలనే ఎప్పుడూ చేయనివి తీసుకున్నాను: వెస్ట్ ఆఫ్రికన్, ఇంప్రోవైజేషన్. ఇంప్రోవ్ మొదటి క్లాస్‌లో టీచర్ "మ్యూజిక్ లేదు, కౌంట్స్ లేవు, గది దాటండి" అంది. నేను గోడ పక్కనే నిలబడిపోయాను, పన్నెండేళ్ళు నేర్చుకుని. అది నాకు అడ్వాన్స్‌డ్ బాలే కంటే ఎక్కువ నేర్పింది. కాబట్టి తక్కువ లెవెల్ అంటే ఎప్పుడూ నష్టమే అనుకోకండి. ఇష్టపడి వెళ్ళడం వేరు, వేరే దారి లేక వెళ్ళడం వేరు అంటోంది అమ్మ. ఓకే, అది కూడా నిజమే.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. పోయిన ఏడాది నా పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. రెండున్నర నెలలు కాలికి మెడికల్ బూట్. నాది బీఏ కాబట్టి ఆ సెమిస్టర్ డాన్స్ హిస్టరీ, అనాటమీ తీసుకుని క్రెడిట్స్ కవర్ చేశాను. బీఎఫ్‌ఏలో ఉన్న నా ఫ్రెండ్‌కి ఇలాంటిదే అయితే డిగ్రీయే ఒక సెమిస్టర్ వెనక్కి జరిగింది. మీరు విజిట్‌కి వెళ్ళినప్పుడు ఫ్లోర్ చూడండి. మడమతో గట్టిగా ఒకసారి తట్టమనండి. కింద స్ప్రింగ్ ఉన్న చెక్క ఫ్లోర్ అయితే కొంచెం లోపలికి వెళ్ళినట్టు తెలుస్తుంది. కాంక్రీట్ మీద షీట్ పరిచినదైతే దెబ్బ మోకాలి దాకా వస్తుంది. కూచిపూడి చేసే అమ్మాయికి వెంటనే అర్థమైపోతుంది.

బీఎఫ్‌ఏకి అప్లై చేస్తే ప్రీస్క్రీన్ వీడియో ముందు అడిగే చోట్లు ఉంటాయి. అందులో పాదాలు కట్ అవ్వకూడదు. నేను మా బేస్‌మెంట్‌లో తీశాను, జంప్ చేసిన ప్రతిసారీ చేతులు సీలింగ్‌కి తగిలాయి, తల మాత్రం ఫ్రేమ్‌లో, పాదాలు బయట. మూడు రోజుల పని పోయింది. స్టూడియోలో ఒక గంట అడిగి తీసుకోండి. సోలో ఎంతసేపు అన్నారో అంతే పంపండి. నిమిషంన్నర అంటే నిమిషంన్నరే.

ఆడిషన్ రోజు మీరు అమ్మాయి కంటే ఎక్కువ టెన్షన్ పడకండి ఆంటీ. చొక్కా మీద నంబర్ పెడతారు, బార్ (కడ్డీ పట్టుకుని చేసే మొదటి భాగం) అయిపోగానే కొంతమందిని పంపించేసే చోట్లు కూడా ఉన్నాయి. నా నంబర్ 31. నన్ను పంపించేశారు. కార్లో ఫ్రైస్ తిన్నాం, ఇంటికొచ్చాం. అప్పుడే బీఏ వైపు చూడటం మొదలుపెట్టాను.

గజ్జెలసంచి:

అందరికీ చాలా థాంక్సండి. నిన్న ఆదివారం మావారు కాల్క్యులేటర్లు కొట్టారు. రెండు చోట్ల అంకె చూసి లేచి నీళ్ళు తాగొచ్చారు. ఒక చోట మాత్రం అనుకున్నంత భయంకరంగా లేదు. యూటీ ఉండాల్సిందేనని తేల్చారు, అమ్మాయి కూడా ఒప్పుకుంది.

నాలుగు డిపార్ట్‌మెంట్లకి రాశాను, ముందువరుస గారూ, మీ ప్రశ్నలే దాదాపు అలాగే పెట్టి. ఒకరు మర్నాటికల్లా మొత్తం టైంటేబుల్ పంపించి, న్యూరోసైన్స్ చదువుతున్న సీనియర్ ఈమెయిల్ ఇచ్చారు. మా అమ్మాయి దాన్ని తన బయాలజీ కోర్సుల పక్కన పెట్టుకుని రంగు పెన్నులతో గళ్ళు నింపుతోంది. రెండు గళ్ళు తగులుకుంటున్నాయి, ఏదో ఒకటి చేస్తానంటోంది. మిగతా ముగ్గురిలో ఒకరు బ్రోషర్ పంపారు. ఇద్దరు ఇంకా పలకలేదు.

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి న్యూయార్క్, కనెటికట్ వెళ్దామనుకుంటున్నాం. క్లాస్ చూడనిస్తారా, చేయనిస్తారా?

ముందువరుస:

చాలా చోట్ల ముందే అడిగితే చేయనిస్తారు. చూడటం కాదు, చేయాలి. గంటన్నర క్లాస్ చేసి బయటికొచ్చిన పిల్ల మొహం చూస్తే మీకు సగం జవాబు దొరుకుతుంది. మీరు మాత్రం లోపల కూర్చోకండి. నేను కూర్చున్నాను ఒకసారి, పాప ఆ గంటన్నర అద్దంలో నన్నే చూసింది.

వాళ్ళ బ్రేక్ కూడా మార్చిలోనే వస్తుంది, తేదీలు చూసుకుని టికెట్లు కొనండి. ఖాళీ స్టూడియో చూసి రావడానికి అంత దూరం ఎందుకు? క్లాస్ అయ్యాక అక్కడి పిల్లల్ని వదిలిపెట్టకుండా అడగమనండి: "పోయిన వారం ఎన్ని గంటలు నిద్రపోయారు?" అని. మా పాప అడగమన్న ప్రశ్న ఇది, నాకైతే తట్టేది కాదు.

బ్రోషర్ పంపినవాళ్ళకి ఇంకోసారి రాయండి. కొన్నిసార్లు ఆఫీసులో పనిచేసే స్టూడెంట్ చూసి ఉంటారు. ఈసారి టెక్నిక్ క్లాస్ చెప్పే ప్రొఫెసర్‌కే నేరుగా, అమ్మాయి చేతే రాయించండి.

గజ్జెలసంచి:

సరేనండి, రాయిస్తాను. మావారు కూడా వస్తామంటున్నారు, వాళ్ళ ఆఫీసులో సెలవు పెట్టారట అప్పుడే. అమ్మాయి వెస్లియన్‌కి గజ్జెలు తీసుకెళ్తానంటోంది. హ్యాండ్ లగేజీలో పెట్టొచ్చంటారా?

ముందువరుస:

చెక్-ఇన్‌లో వేసేయండి తల్లీ. మాకు ఒకసారి ఎయిర్‌పోర్టులో సంచి మొత్తం విప్పించారు. రెండు వందల మువ్వలు, వెనక లైన్లో అంతమంది, ఆయన ఒక్కొక్కటే పట్టుకుని చూస్తున్నాడు.